విజ్ఞాన దాసోహము – విద్యార్థి కాయకము

మార్కాపురము పేరు వినగానే తెలుగునాట ఒక తరము వారికి జ్ఞప్తికి వచ్చునది పలక. ఈ ప్రాంతపు గనులనుండి తీసిన రాతిని పొరలు పొరలుగా చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రములో బిగించి కార్మికులు ఊరూరికి పంపిన పలకలపై లెక్కలేనంతమంది బాలబాలికలు ఓనమాలు దిద్దిరి. నోటుపుస్తకము చౌకయైన పిదప, ప్లాస్టిక్ పలక వచ్చిన పిదప, ఆ పరిశ్రమ గోడలకును గచ్చులకును వాడు రాతిబిళ్లల వైపు మరలినది. పలకకు ఒక విశిష్ట గుణమున్నది. దానిపై ఎవరైనను వ్రాయవచ్చును. తప్పైనచో తుడిచి మరల వ్రాయవచ్చును. నేడు విద్యార్థుల చేతి సెల్‌ఫోనులలో కనబడు వికీపీడియా అను ఉచిత విజ్ఞాన సర్వస్వమునకును ఈ గుణమే ప్రాణము. ఒక్క భేదము కలదు. పలకపై తుడిచినది పోవును. ఇందులో తుడిచినది సైతము, తుడిచినవారి గుర్తుతోను తేదీతోను, చరిత్రపుటలో నిలిచియుండును.

ఆంగ్లమున ఇది 2001 జనవరి 15న ఆరంభమైనది. తెలుగున 2003 డిసెంబరులో వెన్న నాగార్జున పూనికతో మొదలై, నేటికి లక్షకు పైగా వ్యాసములు కలదైనది. వ్రాసినవారెవ్వరికిని వేతనము లేదు. తెలుగువారికి ఈ ఆశ క్రొత్తది కాదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకై దేహమును కరగించి, మూడు సంపుటములు వెలువరించి, అకారమునైనను దాటకమునుపే 1923లో పరమపదించిరి. 1930వ దశకమున కాశీనాథుని నాగేశ్వరరావుగారు దానిని మరల చేపట్టిరి. ఒక మహాపురుషుని ఆయువు చాలని పనిని వేలమంది తలా కొంచెము పంచుకొనుట ఈనాటి మార్గము.

ఇట్టి సాధనమును తరగతి గదిలోనికి రానీయవచ్చునా? గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతముల ఉపాధ్యాయులకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. ప్రాజెక్టు వ్రాసి తెమ్మనినచో పదిమంది విద్యార్థులు అక్షరము మారకుండ ఒకే వ్యాసమును తెచ్చిన దినమున ఎదురగు ప్రశ్న. కొందరు దానిని చూడనే రాదని నిషేధింతురు. నిషేధము వలన విద్యార్థి చూచుట మానడు, చూచితినని చెప్పుట మాత్రము మానును.

ఇందులో దోషమెక్కడ నున్నదో నిదానించి చూడవలెను. వికీపీడియా వ్రాతను ఎవరైనను తీసికొనవచ్చును. తీసికొన్నచోటు చెప్పవలెను, తాను మార్చి ప్రకటించినచో అదే షరతుతో ఇతరులకును ఈయవలెను. ఉచితముగా ఇచ్చిన దానిని దొంగిలించుట ఎట్లు సాధ్యము? బసవేశ్వరుడు బోధించిన దాసోహము ఇచ్చట దారి చూపును. దాసోహమున ఇచ్చువానికి ఇచ్చితినను గర్వము తగదు, పుచ్చుకొనువానికి సిగ్గు అక్కరలేదు. పంక్తిలో కూర్చుండి భుజించుట తప్పు కాదు. వంట తానే చేసితినని చెప్పుట తప్పు. నకలు వ్రాసిన విద్యార్థి వ్రాసినవారికి చేసిన నష్టము స్వల్పము; ఉపాధ్యాయుని ఎదుట అతడు చెప్పిన అసత్యము పెద్దది. అంతకంటె పెద్దది, తాను చేయవలసిన కాయకమును తనకే ఎగవేసికొనుట. చదువు విద్యార్థి కాయకము. దానిని మరియొకరు చేసిపెట్టలేరు.

2011లో పూనా నగరపు కళాశాలలలో జరిగినది దీనికి నిదర్శనము. వికీమీడియా ఫౌండేషన్ వారు అచ్చటి విద్యార్థులచేత ఆంగ్ల వికీపీడియాలో వ్యాసములు వ్రాయించు కార్యక్రమమును సదుద్దేశముతోనే నడిపిరి. కాని వందలాది విద్యార్థులు పాఠ్యగ్రంథములనుండి, ఇతర అంతర్జాల పుటలనుండి పేరాలకు పేరాలు ఎత్తి అందులో పెట్టిరి. ఆ వ్రాతలు హక్కులు గల వ్రాతలు. వాటిని ఏరి తొలగించు భారము దేశదేశముల స్వచ్ఛంద సేవకులపై పడినది. ఆ సంవత్సరమే కార్యక్రమము ఆగిపోయినది. సాధనము ఇచ్చిరి గాని, ఒకరి మాటను తన మాటలో ఎట్లు చెప్పవలెనో ముందుగా నేర్పలేదు. అటుపిమ్మట 2010వ దశకముననే విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల, బెంగుళూరు నందలి సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ సహకారముతో, తన విద్యార్థులను తెలుగు వికీపీడియా రచనకు పురికొల్పినది. పూనా అనుభవము అడ్డు కాలేదు.

ఇక విశ్వసనీయత. ఎవరైనను వ్రాయగల దానిని ఎట్లు నమ్ముదుమని పెద్దలు అడుగుదురు. నమ్మవలసిన పని లేదు, పరీక్షింపవలసిన పని ఉన్నది. బసవేశ్వరుని జన్మసంవత్సరమునే తీసికొన్నచో, గ్రంథములలో 1105 అనియు, 1131 అనియు, 1134 అనియు భిన్నాభిప్రాయములు కలవు. పాల్కురికి సోమనాథుని కాలమును గూర్చి పండితుల వివాదము ఇంతకంటె దీర్ఘమైనది. ముద్రిత గ్రంథమొక్కదానినే చదివిన విద్యార్థి అందులోని అంకెను వేదవాక్యముగా గ్రహించును. విజ్ఞాన సర్వస్వపు వ్యాసమును దాని అడుగున నున్న ఆధారములతోను, చర్చాపుటతోను కలిపి చదివినవాడు ఆ అంకె వెనుక ఒక వాదమున్నదని తెలిసికొనును. ఉపాధ్యాయుడు ఈ ఒక్కటి నేర్పగలిగినను చాలును. నల్లమల అంచున సంకేతములు సరిగా అందని పల్లెలలో, కివిక్స్ అను ఉపకరణము ద్వారా వికీపీడియాను ముందుగా దింపుకొని అంతర్జాలము లేకుండగనే చదివింపవచ్చును.

చర్చాపుటను అనుభవ మంటపముతో పోల్చుట కొందరికి ఇష్టము. కులవృత్తి భేదములు లేక అందరును మాటాడుట వరకు ఆ పోలిక చెల్లును. అచ్చటితో ఆగవలెను. అల్లమప్రభువు అధ్యక్షత వహించిన మంటపమున స్వానుభవమే ప్రమాణము. వికీపీడియాలో స్వానుభవమునకు ప్రవేశమే లేదు. ప్రచురితమైన ఆధారము చూపని వాక్యమును ఎవరైనను ప్రశ్నించి తొలగింపవచ్చును. నియమము న్యాయమైనదే, ఏలనన అది లేనిచో ప్రతివాడును తన కల్పనను చరిత్ర యనును. కాని దాని వలన నష్టపోవువారెవరు? అచ్చు ఎరుగని వారు. చెంచువాని అడవి జ్ఞానము, పలకగనిలో కూలివాని పనితనము, జంగమయ్య కంఠస్థముగా నిలుపుకొన్న కథ వారి పుటలలో చేరవు. పశ్చిమ ప్రకాశపు అనేక గ్రామముల వ్యాసములు చూచిన ఈ లోటు తెలియును. 2011 జనాభా లెక్కల అంకెలు, భూవినియోగపు వివరములు ఉండును. ఊరిచెరువును ఎవరు త్రవ్వించిరో, ఫ్లోరైడు నీటితో ఊరు ఎట్లు బాధపడెనో ఉండదు.

ఈ చిక్కును విప్పిన మహనీయుడొకడు కన్నడనాట కలడు. ఫ.గు. హళకట్టి (1880–1964) న్యాయవాదిగా సుఖముగా జీవింపగలిగియు, ఇంటింట తాళపత్రములుగా మరుగుపడిన వచనములను సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించి, ముద్రణాలయమునకై ఇల్లు సైతము అమ్ముకొనెను. శ్రమజీవులైన శరణుల వాక్కు నేడు ఏ విజ్ఞాన సర్వస్వమునకైనను ఆధారముగా నిలుచుచున్నదన్నచో, ఆయన అచ్చు వేయించుటయే కారణములలో ముఖ్యమైనది. మఠములును పత్రికలును చేయవలసిన పని ఇదియే. భక్తులు తమ మఠమును గూర్చి తామే వికీపీడియాలో స్తోత్రములు వ్రాయుట కాదు. అవి నిలువవు, నిలువరాదు. వృద్ధుల జ్ఞాపకములను, శాసనముల నకళ్లను, చెప్పినవారి పేరు తేదీలతో ముందు అచ్చు వేయవలెను. ఆధారము పుట్టిన పిదప వ్యాసము ఇతరులు వ్రాయుదురు.

విద్యార్థులకు ఒక సూచన అవసరము. 1970కి పూర్వపు గ్రంథములలో ప్రకాశము జిల్లా అని వెదకినచో ఏమియు దొరకదు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు అంతవరకు కర్నూలు జిల్లాలోనివి. 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువల్ వంటి గ్రంథములలో కంభము చెరువును గూర్చి వెదకవలెను. ఇట్టి వెదకులాట నేర్పిన ఉపాధ్యాయుడు నకలును గూర్చి అంతగా బెంగపడనక్కరలేదు.

పిల్లలచేత వ్రాయించునప్పుడు వారి అసలు పేర్లు వాడనీయక కలము పేర్లు పెట్టించుట మంచిది. తరగతికంతకు ఒకే ఖాతా వాడుట నియమవిరుద్ధము. ప్రతి మార్పునకును చరిత్రపుటలో తేదీ, సమయము నమోదగును గనుక, మాసము దినములు కొద్దికొద్దిగా దిద్దినవాడెవడో, గడువు ముందటి రాత్రి ఒక్కమారుగా తెచ్చి అతికించినవాడెవడో ఉపాధ్యాయుడు మార్కులు వేయకమునుపే చూచుకొనవచ్చును.