పాస్‌పోర్టు చూసి పాఠం

ఇంగ్లీషు టీచరు కావాలని విదేశాల నుంచి వచ్చే ప్రకటనల్లో చాలావాటికి మొదటి షరతు చదువు కాదు, పుట్టుక. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు నేర్పేవాళ్లకిచ్చే ఈ-2 వీసా సాధారణంగా ఏడు దేశాల పౌరులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం మనవాళ్లకు చిన్న సందు తెరిచింది, అదీ సహాయ ఉపాధ్యాయులుగా. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో హైదరాబాద్‌లో పెట్టిన సంస్థలో, ఇప్పటి ఇఫ్లూలో, పీజీ చేసి నకిరేకల్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషికి దాదాపు మూసిన తలుపు, ఏదో ఒక డిగ్రీ ఉన్న అమెరికా కుర్రాడికి తెరుచుకుంటుంది. ఇది నాకు మింగుడుపడదు.

నేను ఇంగ్లీషు చెప్పే సర్కారు బడిలో ఆరో తరగతి పిల్లలు ‘క్యాప్’ అనరు, ‘క్యాపు’ అంటారు. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ఆగుతాయి, అందుకే చివర ఉకారం దానంతటదే వచ్చి చేరుతుంది. ‘ప్’ దగ్గర పెదాలు మూసి, నేను చెయ్యి దించేదాకా తెరవొద్దంటాను. నవ్వాపుకోలేక బుగ్గలు ఉబ్బించుకుని నిలబడతారు. కొన్నాళ్లకు ఆ ఉకారం రాలిపోతుంది. కొరియా పిల్లలదీ దాదాపు ఇదే తంటా. ‘బస్’ చివర వాళ్లూ ఒక అచ్చు చేరుస్తారు. ఒక్క ఊపులో పలకాల్సిన ‘స్ట్రైక్’ను ఐదు ముక్కలు చేస్తారు. లండన్‌లో పుట్టినవాళ్లు మంచి టీచర్లు కాలేరని కాదు. కానీ ఆ అచ్చును తన నోట్లోంచి తానే పీకేసుకున్న మనిషికి, అది ఎదుటి పిల్లాడి నోట్లో ఎక్కడ ఇరుక్కుందో తెలుస్తుంది.

పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే మేటి టీచర్లన్నది భ్రమ అని భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే రాశాడు. అదే ఏడాది అమెరికాలో పరిశోధకుడు డొనాల్డ్ రూబిన్ ప్రచురించిన ప్రయోగం నన్ను ఇంకా కలవరపెడుతుంది. అమెరికాలో పుట్టి పెరిగిన ఒకామె గొంతు రికార్డు చేసి, కొందరు విద్యార్థులకు తెల్లజాతి స్త్రీ ఫొటో చూపిస్తూ, మరికొందరికి ఆసియా స్త్రీ ఫొటో చూపిస్తూ వినిపించారు. గొంతు ఒక్కటే. ఆసియా ముఖం చూసినవాళ్లకు అందులో పరాయి యాస వినపడింది. పాఠం కూడా తక్కువే అర్థమైంది. కొరియా ఉద్యోగాలకు దరఖాస్తుతో పాటు ఫొటో ఎందుకడుగుతారో ఇప్పుడు వేరే చెప్పాలా? న్యూజెర్సీలో పుట్టిన తెలుగమ్మాయికి పాస్‌పోర్టు సరిపోయినా ముఖం అడ్డొస్తుంది. నల్లజాతి అమెరికన్ టీచర్ల అనుభవమూ అదే.

అయితే ముఖం చూసి యాస వినే ఈ చెవి పరాయి దేశాల్లోనే తయారైందనలేను. ఒకప్పుడు మన చిన్న పట్టణాల ప్రైవేటు బడులు ‘కేరళ టీచర్లతో బోధన’ అని బ్యానర్లు కట్టేవి. పక్క వీధిలో ఎమ్మే చదివిన మనూరామె ఆ బ్యానర్ చూసుకుంటూ నడిచిపోయేది. ఆ కేరళ టీచరే గల్ఫ్‌కు పోతే, అక్కడ తెల్లవాళ్లకిచ్చే జీతంలో ఆమెకు దక్కేది కొంతే. ఇక మన నల్లగొండ యాసను తెలుగు సినిమా ఏళ్లపాటు రౌడీకీ హాస్యగాడికీ అంటగట్టింది. 2022-23లో తెలంగాణ సర్కారు బడులన్నిట్లో ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు ఒక తండ్రి నా ముందే పక్కాయన్ని అడిగాడు: “గీ సార్లకు ఇంగ్లీషొస్తదంటవా?” మా పాఠం ఆయన ఒక్కసారైనా వినలేదు.

నా దగ్గర చదివి బీఈడీ చేసిన అమ్మాయి విదేశీ బడులకు దరఖాస్తు చేస్తోంది. “సార్, యాస పోగొట్టే కోర్సుల చేరమంటరా?” అని మొన్న ఫోన్ చేసింది. వద్దన్నాను. మాట స్పష్టంగా ఉందో లేదో చూసుకో బిడ్డా, ఇంకొకరి గొంతు అరువు తెచ్చుకోకు అన్నాను. వాళ్లు ఫొటో అడిగితే, దాంతో పాటు నువ్వు పాఠం చెప్పే వీడియో కూడా పంపమన్నాను. అది తీసుకోవడానికి వచ్చే వారం మా ఆరో తరగతిని ఆమెకు అప్పగిస్తున్నాను.