అప్పు పాపఫలమా?

రాయపూర్ పక్కన సిల్తారా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల్లో పనిచేసే మన శ్రీకాకుళం వాళ్లతో ఒక ఆదివారం కూర్చున్నాం. ఒక తమ్ముడు లెక్క చెప్పాడు: గది అద్దె, మెస్సు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కింద కోత. మిగిలిన కాసింతే ఇంటికి. "పన్నెండు గంటలు చేసినా అప్పు తీరట్లేదన్నా, పోయిన జన్మ పాపమేమో" అన్నాడు.

ఇదివరకైతే మేమూ "ఓర్చుకో" అని లేచి వచ్చేవాళ్లం. అది ధమ్మం కాదు.

బుద్ధుడు అనాథపిండికుడికి చెప్పిన గృహస్థుని నాలుగు సుఖాల్లో అప్పు లేకపోవడం ఒకటి. అంగుత్తర నికాయలోనే మరోచోట దారిద్ర్యం, అప్పు, వడ్డీ లోకంలో దుఃఖాలన్నాడు. వాటికి కారణం పూర్వజన్మ అని అక్కడ అనలేదు. గతజన్మ కర్మ సిద్ధాంతం పేదల దుస్థితికి రాజ్యాన్నీ సమాజాన్నీ బాధ్యత నుంచి తప్పిస్తుందని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మము'లో హెచ్చరించారు.

ఊరు వదిలించి తెచ్చినందుకు కాంట్రాక్టరు కనీసం సగం నెల జీతం భత్యంగా ఇవ్వాలనీ, దాన్ని తిరిగి రాబట్టకూడదనీ 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. ఈ తమ్ముడి చేతికి వచ్చింది భత్యం కాదు, అప్పు. ఇది మనుషులు వేసిన ముడి, మనుషులే విప్పాలి.

వచ్చే ఆదివారం వందన అయ్యాక అందరూ అడ్వాన్సు లెక్కలు రాసుకురమ్మన్నాం. ప్రతీత్యసముత్పాదాన్ని అక్కడి నుంచే చదువుదాం.