పేరు పెట్టని కోడి

అరవై ఏండ్లు దాటినంక నాకు కోళ్లంటే భయం పట్టుకున్నది. కోళ్ల నడుమ పుట్టి పెరిగినోనికి ఇదేం రోగం అని నవ్వకండి. మాదిగవాడల మాది ఒక్కటే అర్ర. ఒక మూలకు మేము పండుకునేటోళ్లం, ఇంకో మూలకు గంప కింద కోళ్లు. పుంజు కూతకు లేచుడే గాని గడియారం ఎరుగం. అసొంటి నేను, మా బిడ్డ "బాపూ, ఇంట్ల కోళ్లను పెంచుదాం" అంటే దడుసుకున్న. ఆ దడ ఎక్కడిదో తవ్వి చూసుకుందామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్న.

నేను బడిపంతులుగ చేసి రిటైరైన. పట్నం శివారు కాలనీల ఉంటున్నం. ఇంటి వెనుక జరంత జాగ ఉన్నది. పశువైద్యం చదువుతున్న మా బిడ్డ ఆ జాగల ఏడు పెట్టలు తెస్తనన్నది. రెండు నాటువి, మెడ మీద ఈకలు లేని బోసిమెడది ఒకటి, వనరాజాలు రెండు, అసీలు ఒకటి, కడక్‌నాథ్ ఒకటి. తలో జాతి, తలో ఈడు. "కోసుకునేటందుకు కాదు బాపూ, ఊకెనే. గుడ్లు పెడితే తిందాం, పెట్టకుంటే లేదు" అన్నది.

ఊకెనే! ఈ మాటే నాకు మింగుడు పడలే.

మా వాడల ఏదీ ఊకెనే లేకుండె. కోడి పోచమ్మకు, కోడి చుట్టానికి, కోడి అంగడికి, కోడి జరమొస్తే గోలీలకు. శానసార్లు అది మా కోడి కూడ కాదు, పాలుకు తెచ్చుకున్నది. దొరసాని పెట్టను ఇస్తది. మేము మేపాలె, పొదిగించాలె, ఇరవయ్యొక్క రోజులు గుడ్లను కంటికి రెప్పలెక్క కాయాలె. పిల్లలైనంక సగం ఆమెకు, సగం మాకు. గద్ద తన్నుకపోయిన పిల్ల మాత్రం ఎప్పుడూ మా వంతులదే. కొక్కెర తెగులు తగిలి ఒక్క వారంల వాడంత గంపలు ఖాళీ అయినా దొరసాని వంతు బాకీ కిందనే ఉండేది.

మనిషికీ అదే లెక్క. మా అయ్య పనికొచ్చినన్ని దినాలు జీతగాడు. నడుము పడిపోయినంక ఆయన పేరు కూడ ఎవ్వరికీ యాదికి లేదు. ఎందుకు పనికొస్తవు అనే ప్రశ్నకు జవాబు చెప్పకుండ బతికే హక్కు ఈ దేశంల కొందరికే ఉన్నది. ఆ హక్కు మాకే లేకపాయె, కోడికి ఎక్కడినుంచి తెచ్చియ్యాలె?

మా అవ్వకు ఒక కట్టుబాటు ఉండె. కోడికి పేరు పెట్టొద్దు. పేరు పెడితే కొయ్యబుద్ది కాదు, అమ్మబుద్ది కాదు, ఆఖరుకు ఇయ్యబుద్ది కాదు అనేది. ఆ మూడో మాట అర్థం కావాలంటే ఒక దినం సంగతి చెప్పాలె. యాభై ఏండ్లు దాటినా ఎక్కడా చెప్పలేదు.

1973. నాకు పదేండ్లు. మాకొక ఎర్రపెట్ట ఉండె. పిల్లగ ఉన్నప్పుడు గద్ద కాళ్లల్లనుంచి జారి మా వాకిట్లనే పడ్డది. వీపు మీద గాయం. నేనే పసుపు రాసి, పుట్టలు తవ్వి చెదలు తెచ్చి మేపి సాదిన. బడినుంచి వస్తుంటే ఎదురొచ్చేది. అవ్వకు తెల్వకుండ దానికి పేరు పెట్టిన. ఆ పేరు ఇక్కడ రాయను.

ఊరికి గిర్దావరు వచ్చిండు. గిర్దావరు వస్తే పట్వారి ఇంట్ల వంట, ఆ వంటకు కోడి మా వాడనుంచి. పైసలిచ్చుడు లేదు, అడుగుడు లేదు. సుంకరి వచ్చి వాకిట్ల నిలబడ్డడు. ఆయన పరాయోడు కాదు, నాకు పెద్దబాపు అయితడు. తల వంచుకొనే, "పట్వారి ఎర్రదాన్ని చూసిండట" అన్నడు. అవ్వ నా దిక్కు చూసి "నువ్వు పట్టియ్యి కొడుకా" అన్నది. నేను ఉరకలేదు, గంప వెయ్యలేదు. పేరు పెట్టి పిలిచిన. అది వచ్చింది. పట్టిచ్చిన. కాళ్లు కట్టి తలకిందులుగ పట్టుకపోతుంటే అది నా దిక్కే చూసిందో లేదో తెల్వదు. నాకైతే చూసినట్టే ఉన్నది.

1976ల వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1978ల జగిత్యాల జైత్రయాత్ర అయింది. దొరల గడీలు ఒక్కటొక్కటిగ ఖాళీ అయితూ వచ్చినయ్. వీటిమీద నేను ఎన్ని మీటింగులల్ల మాట్లాడిన్నో లెక్కలేదు. ఎర్రపెట్ట సంగతి మాత్రం ఏ మీటింగుల మాట్లాడలే. దొర దోపిడి గురించి చెప్పుడు అల్కగ అయితది. పిలిస్తే వచ్చినదాన్ని పట్టిచ్చిన చెయ్యి నాది అని చెప్పుడు కష్టం.

సరే, బిడ్డ మాట కాదనలేక ఒప్పుకున్న. ఒప్పుకున్నకాడినుంచి నిద్ర లేదు. పిల్లి వస్తే? కుక్క వస్తే? ఒకదాని రోగం ఇంకోదానికి అంటితే? కాలనీవాళ్లు ఏమంటరు? ఈ ఆఖరుది అన్నిటికన్న పెద్ద భయం. మా కాలనీలనే ఒకాయనకు ఊరవతల తోట ఉన్నది. అండ్ల కడక్‌నాథ్‌లను పెంచుతడు. దాన్ని అందరు 'హాబీ' అంటరు. నేను పెంచితే 'ఎంతైనా అలవాటు పోదు' అంటరు. కోడి ఒక్కటే. ఎవని వాకిట్ల తిరుగుతున్నదాన్నిబట్టి దాని కులం మారుతది.

ఆ కడక్‌నాథ్ సంగతి కూడ ఒక మాట. మధ్యప్రదేశ్‌ల ఝాబువా దిక్కు భిల్లు, భిలాల ఆదివాసులు తరతరాలుగ సాదిన కోడి అది. ఈక నలుపు, తోలు నలుపు, మాంసం కూడ నలుపే. 2018ల ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లకోడికి రేటు పెరిగింది. సాదిన నల్లమనిషి రేటు ఎంతో ఎవ్వరూ అడుగరు.

కోళ్లు వచ్చినయ్. బిడ్డ వాటిని రెండు వారాలు వేరువేరుగ ఉంచింది, రోగాలేమన్న ఉంటే బయటపడతయని. అటెనుక ఒక రాత్రి చీకట్ల అన్నిటినీ ఒక్క గూట్లకు చేర్చింది. చీకట్ల కోడికి సరిగ కనపడదు, కొట్లాడదు, తెల్లారి పక్కపక్కన లేస్తయి అన్నది. పుంజు లేదు. కూస్తే కాలనీల లొల్లి. పుంజు లేకున్నా పెట్టలు గుడ్లు పెడతయి, పిల్లలు కావంతే. ఎనభై ఐదేండ్ల మా అవ్వ ఇది విని "పుంజు లేని గూడు, కోసుకోని కోడి. మీ సదువులు సల్లగుండ" అని నవ్వింది.

మూడో దినం భయపడ్డంత అయింది. బోసిమెడదాన్ని అసీలు పొడిచింది. అసీలును చూసి వనరాజా పొడిచింది, ఆఖరుకు నాటుపెట్ట కూడ పొడిచింది. అసలే ఈకలు లేని మెడ, నెత్తురు కారింది. ఎర్రగ కనపడేసరికి మిగతావి కూడ ఎగబడ్డయి. బిడ్డ కాలేజీల ఉన్నది. నేను జాలి అవతల నిలబడ్డ. కాళ్లు కదలలేదు.

గోడ మీదినుంచి పక్కింటి సారు చూస్తున్నడు. మంచోడే, చదువుకున్నోడు. "చూశారా సార్, కోళ్లలోనే ఎక్కువ తక్కువలు ఉన్నాయి. ఇక మనుషుల్లో ఉండవా? ఇదంతా ప్రకృతి" అన్నడు.

ఆ మాట నాకు జవాబు దొరకని మాట కాదు. అప్పుడు నోరు రాలేదు, ఇప్పుడు చెప్తున్న. యువకులకు ఈ మాట ఎక్కడో ఒక్కకాడ ఎదురైతది కాబట్టి నెమ్మదిగ చెప్తున్న.

కోళ్లల్ల పొడిచే వరస ఉన్నమాట నిజం. నార్వే దేశపు షెల్డెరప్ ఎబ్బె అనే ఆయన చిన్నప్పటినుంచి కోళ్లను కనిపెట్టి చూసి, 1920ల మొదట్ల దీన్ని శాస్త్రంగ రాసిండు. ఎవరు ఎవర్ని పొడవాలె, ఎవరు ముందుగాల మెయ్యాలె అన్నది ఆ గుంపుల తేలుతది. అయితే ఆ వరస ఏ కోడికీ తల్లినుంచి రాదు. పై మెట్టు మీది పెట్టకు పుట్టిన పిల్ల కూడ తన చోటు తానే తేల్చుకోవాలె. కొత్త కోడి వస్తే, పాతది జబ్బుపడితే వరస మళ్ల మారుతది. ఒక్కోసారి ఇది మెట్లలెక్క కూడ ఉండదు. ఒకటి రెండోదాన్ని పొడుస్తది, రెండోది మూడోదాన్ని, ఆ మూడోది తిరిగి మొదటిదాన్ని పొడుస్తది! ఏ ధర్మశాస్త్రంల ఉన్నది ఈ వెసులుబాటు? మా అయ్య ఎంత బలవంతుడైనా దొర కొడుకును మించుడు ఉండెనా? అంబేద్కర్ కులాన్ని మెట్లమెట్ల అసమానత అన్నడు. ఆ మెట్టు మనిషి పుట్టకముందే కట్టి ఉంటది, చచ్చినంక కూడ శ్మశానం దాక వెంట వస్తది.

ఇంకొకటి. బోసిమెడదాన్ని పొడిచిన అసీలు, అది ముట్టిన నీళ్లను మైల అనలేదు. ఒక్క తొట్లనే తాగినయ్. కోళ్ల లోకంల 'మైల' ఒక రంగు పేరు. డేగ, కాకి, నెమలి లెక్కనే, ఎరుపు బూడిద కలిసిన ఈకలుంటే మైల అంటరు పందెంకోళ్లోళ్లు. ఆ రంగును పాపం చేసింది మనిషే.

ఇంతవరకు నా వాదం బాగున్నది. పక్కింటి సారును ఓడగొట్టొచ్చు. కాని బోసిమెడ మీది నెత్తురు వాదంతోని ఆగలేదు. నేను గూట్లకు పోయి దాన్ని బయటికి తీసిన. యాభై ఏండ్ల తర్వాత ఒక కోడిని చేతులల్లకు తీసుకున్న. దాని గుండె కొట్టుకునుడు నా అరచేతికి తెలిసింది.

సాయంత్రం బిడ్డ వచ్చి గాయానికి ఊదారంగు మందు పూసింది, ఎరుపు కనపడకుండ. తర్వాత గూడంత తిరిగి చూసి అడిగింది: "మేత తొట్టి ఒక్కటేనా బాపూ? జాగ ఇంతేనా? పొడిస్తే తప్పించుకోను అడ్డం ఏది?" నేనే కట్టించిన గూడు. పైసలు మిగులుతయని ఇరుకుగ కట్టించిన. ఏడు కోళ్లకు ఒక్క తొట్టి పెట్టి, కొట్లాడితే వాటి గుణం అనుకున్న.

గూడు పెద్దగ చేసినం. మూడు చోట్ల మేత పెట్టినం. ఎక్కి కూసునేటందుకు బొంగులు కట్టినం, దాసుకునేటందుకు పాత తడక నిలబెట్టినం. బోసిమెడదాన్ని గాయం మానినంక ఒక నాటుపెట్టతోని జతచేసి తోలినం. పొడుచుకునుడు పూర్తిగ పోలేదు. అసీలు ఇప్పటికీ ముందుగాల మేస్తది. నెత్తురు మాత్రం ఆగింది.

నాకు తేలిన సంగతి ఇది. ఎక్కువ తక్కువలు ప్రకృతి అనేటోడు ఎప్పుడూ గూట్ల కోళ్లనే చూపిస్తడు. గూడు ఎవడు కట్టిండు, తొట్లు ఎన్ని పెట్టిండు అన్నది చూపియ్యడు. వరస కోళ్లది కావొచ్చు, నెత్తురు గూడు కట్టినోనిది. ఈసారి గూడు కట్టింది నేనే. తిట్టేటందుకు దొర లేడు. కోళ్లను తేవాలంటే నాకు పట్టిన భయం ఇదే అనుకుంట. ఎవని కిందనో బతికినోనికి, తన కింద ప్రాణులున్నప్పుడు చెయ్యి ఎట్ల ఉంటదో అన్న భయం.

కోడి మాంసం తినొద్దని నేను చెప్పబోతలేను. మా తిండిని మైల అన్నోళ్ల నోటికి ఇంకో ముక్క అందియ్యను. మేము తిన్నది ఆకలికి తిన్నం, మా చేతులతోని పెంచుకొని తిన్నం. నేను అడుగుతున్నది ఒక్కటే, మన చేతులల్ల పడ్డ ప్రాణానికి, అది ఉన్నన్ని దినాలు ఎంత జాగ ఇస్తున్నం?

ఆ రాత్రి అవ్వ పక్కన కూసొని మొదటిసారి ఎర్రపెట్ట సంగతి ఎత్తిన. గిర్దావరు పట్వారిని అడిగిండు, పట్వారి సుంకరిని తోలిండు, సుంకరి నిన్ను అడిగిండు, నువ్వు నాతోని పట్టిచ్చినవు. వరసల అందరికన్న కింద ఉన్నది నేనే అనుకున్న, నా కింద కూడ ఒకటి ఉండె. "నాతోనే ఎందుకు పట్టిచ్చినవవ్వా?" అన్న.

అవ్వకు చూపు మందగించింది గాని యాది మందగించలే. "ఇయ్యకుంటే మీ అయ్యను చావడికాడ కట్టేసేటోళ్లు. ఇచ్చుడు తప్పది. నీ పెద్దబాపు పట్టుకుంటే ఎంటవడి రెక్కలిరుస్తడు. నీ చేతులల్లయితే అది బెదరదని చెప్పిన కొడుకా" అన్నది. కాసేపు ఆగి, "దానికి నువ్వు పేరు పెట్టింది నాకు ఎరుకే" అన్నది.

నేనేం మాట్లాడలే. కోడిని కాపాడే బలం ఆమెకు లేకుండె. అది పోయే దారిల బెదరకుండ చూసే బలం మాత్రం మిగిలింది. ఉన్న ఆ జరంతను వాడింది. నేను దాన్ని ఇన్నేండ్లు నేరం అనుకున్న. నేరమే కావొచ్చు, ఆ నేరంల కూడ ఒక చెయ్యి మెత్తగ ఉండొచ్చని ఆమె చెప్పింది. ఆమెకంటే ఎన్నో రెట్లు ఎక్కువ బలం నాకిప్పుడు ఉన్నది. జాగ ఉన్నది, పింఛను ఉన్నది, తలుపుకు గొళ్లెం ఉన్నది. గుంజుకపోయే సుంకరి లేడు. ఇంకా తక్కువ చేస్తే ఎవన్ని అడ్డం పెట్టుకోవాలె?

భయం పోలేదు. పోవద్దనే అనుకుంటున్న. గొళ్లెం చేతుల ఉన్నోనికి ఆ మాత్రం భయం ఉండాలె.

బిడ్డ ఆరింటికి పేర్లు పెట్టింది. బోసిమెడదాన్ని నాకు వదిలిపెట్టింది. నేనింకా పెట్టలే. పొద్దుగూకంగ గూడు తలుపు వేసేటప్పుడు అవ్వ మంచంల పండుకొనే అడుగుతది, "బోసిది వచ్చిందారా?" అని. వచ్చిందవ్వా అంట. ఆ గొంతు వినపడితే గూట్లనుంచి అది కూడ ఒక్కసారి పలుకుతది.