మందుకు ముందు మొక్కను చూడు

బిడ్డా, ఈ వానకాలం నుంచి చేను నువ్వే చూసుకుంటానన్నావు. సంతోషం. విత్తనాల దుకాణం మెట్లెక్కేముందు ఈ పెద్దోడి మాట ఒకటి చెవిన వేసుకో. మన నల్లగొండ, పాలమూరు చెలకల్లో నిలిచిన పంటలన్నీ బెట్టకూ తెగుళ్లకూ ఎదురునిలిచి బతికినవే. మొక్క తనను తాను కాచుకుంటుంది. ఆ కాపుదలకు తోడు నిలవడమే రైతు పని.

మిట్టమధ్యాహ్నం జొన్నచేను చూడు. నీరు చాలకపోతే ఆకులు సన్నగా చుట్టుకుంటాయి. కంది తన ఆకులను నిటారు ఎండ తగలకుండా తిప్పుకుంటుంది. నేల ఆరేకొద్దీ మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరిగి ఆకుల మీది సన్నని రంధ్రాలు మూసుకుంటాయి. లోపలి తడి ఆవిరైపోకుండా మొక్క చేసుకునే ఏర్పాటు అది. అందుకే మధ్యాహ్నం ఆకు వాలిందని ఉరుకులాడి మోటారు వేయకు. తెల్లవారి వెళ్లి చూడు. అప్పటికీ తేరుకోకపోతే నీరివ్వు. నేలలో తడి ఉండగానే వాడుతుంటే మాత్రం వేరు పట్టి చూడు, రోగం అక్కడ ఉండొచ్చు. మన బత్తాయి రైతులు తోటను కొన్నాళ్లు బెట్టకు వదిలి, ఆ తర్వాత నీరిచ్చి పూత తెప్పించేది మొక్క బెట్టను తట్టుకునే ఈ గుణం తెలిసే. కానీ బెట్ట ముదిరితే చెట్టు నీరసిస్తుంది. నేల తీరు, చెట్టు సత్తువ చూసుకునే ఆ పనికి దిగాలి.

లేత జొన్న పశువు నోటికి అందనీయకు. లేత పైరులో, బెట్టకు గిడసబారిన పైరులో ధురిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఆకు నలిగితే దాని నుంచి సైనైడ్ విషం పుడుతుంది. నాము తగిలి గొడ్డు పడిపోయిందని మనవాళ్లు అనేది దీన్నే. జొన్నకు అది తాను వేసుకున్న కంచె. పైరు పూతకొచ్చాకే మేపు.

పురుగు కొరికితే మొక్కకు తెలుస్తుందా అంటావు. తెలుస్తుంది. దానికి నరాలు లేవు, అయినా కబురు నడుస్తుంది. 2018లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు ఆవాల కుటుంబంలోని ఒక చిన్న మొక్కలో దీన్ని కళ్లకు కట్టారు. ఒక ఆకును పురుగు కొరకగానే కాల్షియం సంకేతం ఒకటి రెండు నిమిషాల్లో దూరపు ఆకులకు చేరింది. ఆ ఆకులు జాస్మోనిక్ ఆమ్లం తయారుచేసుకుని ముందే సిద్ధమయ్యాయి. పత్తి ఇంకొక అడుగు వేస్తుంది. పురుగు తిన్న ఆకు ఒక తీరు వాసన వదిలితే, దాన్ని పసిగట్టి చిన్నచిన్న కందిరీగలు వచ్చి ఆ పురుగు ఒంట్లోనే గుడ్లు పెడతాయి. పత్తాకు అడుగున ఈనె మీద, ఆముదం ఆకు కాడ మీద తేనె గ్రంథులుంటాయి. ఆ తీపికి చేరిన చీమలు పురుగులనూ పట్టుకుపోతాయి. ఒక పురుగు కనబడగానే ఘాటు మందు కొడితే ఈ నేస్తాలన్నీ పోతాయి, పైరు ఒంటరిదవుతుంది. ముందు పురుగులను లెక్కపెట్టు. గులాబీ రంగు పురుగు కాయలో దాగుతుంది కాబట్టి దానికి లింగాకర్షక బుట్టలు ముందే కట్టు. యూరియా మితంగా వెయ్యి. ఎక్కువైతే ఆకు మెత్తబడి రసం పీల్చే పురుగులను పిలుస్తుంది.

తెగులు సంగతి చెబుతా. శిలీంద్రం దిగిన చోట చాలా మొక్కలు తమ కణాలను తామే చంపుకుని దాన్ని అక్కడే ఆపుతాయి. సాలిసిలిక్ ఆమ్లం తోడుగా మిగతా ఆకులు కూడా జాగ్రత్తపడతాయి. కానీ కందిలో ఎండు తెగులు నేల నుంచి వేరులోకి ఎక్కి నీటి నాళాలను పూడుస్తుంది. మొక్క వాడాక పైన మందు కొడితే ఫలితం ఉండదు. దానికి విరుగుడు విత్తనంలోనే ఉంది. ఇక్రిశాట్ పరిశోధన సంస్థ కృషితో 1993లో విడుదలైన ఆశ కంది, ఎండు తెగులునూ వెర్రి తెగులునూ తట్టుకుంటుంది. మన పాలెం పరిశోధన కేంద్రం ఇచ్చిన హరిత ఆముదం కూడా ఎండు తెగులుకు నిలుస్తుంది. జొన్నలో కంది సాళ్లు వేసే మన పాత పద్ధతి విడువకు. జొన్న తోడుంటే కందిలో ఎండు తెగులు తగ్గుతుందని ఇక్రిశాట్ పరీక్షల్లోనూ తేలింది. ఒకే చెలకలో ఏటేటా కంది మాత్రం వెయ్యకు.

2021లో మన ఊళ్లలో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుకొస్తే జనం బెంగపడ్డారు. టీ దోమ రసం పీల్చడం, ఫోమాప్సిస్ శిలీంద్రం సోకడం దానికి కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. తర్వాత చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఆకు ఎండిందని చెట్టు మీద ఆశ వదిలి గొడ్డలి ఎత్తకూడదు బిడ్డా.

అట్లని చేతులు కట్టుకుని కూర్చోమనను. మొక్క శక్తికీ హద్దుంది. కాపుదలకు ఖర్చయిన సత్తువ గింజకు తగ్గుతుంది. అందుకే తట్టుకునే విత్తనం ఎంచుకో, నేలకు పశువుల ఎరువు తోలు, పొద్దున్నే ఒకసారి సాళ్ల మధ్య తిరుగు, ఆకు తిప్పి అడుగు భాగం చూడు. అనుమానమొస్తే ఆకునూ వేరునూ పట్టుకుని పాలెం వెళ్లి అడుగు. అప్పు చేసి మందు తెచ్చే ముందు ఇంత శ్రమ పడితే నీ పైరూ, నీ ఇల్లూ రెండూ నిలబడతాయి.