రోగికీ ఒక బాధ్యత

ఆయుర్వేదం అనగానే మనకు కరక్కాయో, కషాయమో గుర్తొస్తుంది. చరక సంహిత మాత్రం మందు ఒక్కదాని మీదే భారం వేయదు. సూత్రస్థానం 9వ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెబుతుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ప్రతి పాదానికీ నాలుగేసి గుణాలు ఉండాలట.

వైద్యుడికి శాస్త్రజ్ఞానం, అనుభవం, నేర్పు, శుచిత్వం ఉండాలన్నది మనం ఊహించేదే. నాకు ఆసక్తి కలిగించింది మనుషుల్లో మిగతా ఇద్దరి సంగతి. దగ్గరుండి చూసుకునేవాళ్ళకు సేవ చేయడం తెలియాలి. చురుకుదనం, శుభ్రతతో పాటు రోగి మీద అనురాగం కూడా ఉండాలి. జావ కాచి, పక్క సర్ది, రాత్రంతా మేలుకునే ఇంటి మనిషి కూడా ఆ లెక్కన వైద్యంలో భాగమే. మన ఆస్పత్రుల్లో ఆ మనిషికి కూర్చోడానికి కుర్చీ దొరకడమే గగనం, అది వేరే మాట.

ఇక రోగి. వైద్యుడు చెప్పింది గుర్తుంచుకోవాలి, పాటించాలి, బెదిరిపోకూడదు, తన బాధను ఉన్నదున్నట్టు చెప్పగలగాలి. డాక్టరు దగ్గర సిగరెట్ల లెక్క దాచేవాళ్ళు ఈ చివరిది కాస్త వినాలి!

చివరగా మందు విషయంలో ఒక జాగ్రత్త: ఆయుర్వేద రసౌషధాల్లో పాదరసం వంటి లోహాలు కూడా వాడతారు. కాబట్టి అర్హత ఉన్న వైద్యుణ్ణే సంప్రదించండి. బీపీ, షుగరు మాత్రలు సొంతంగా ఆపేయకండి. ఏయే మందులు వాడుతున్నారో ఆయుర్వేద వైద్యుడికీ, ఆ మాత్రలు రాసిన డాక్టరుకూ చెప్పండి.