పొగగొట్టము క్రింది రొట్టె

గత మాసమున మా పట్టణపు పఠనమందిరమున నెలకొకసారి జరుగు గోష్ఠికి మేమును బోయి యుంటిమి. ఆనాడు రెండు ఆంగ్ల పద్యముల భావమును తెలుగున వినిపించిరి. మొదటిది ఇంటిలో రొట్టె కాల్చుటను గూర్చినది. తల్లి పిండి పిసుకుచుండగా పీట యెక్కి నిలిచి చూచిన యొక బాలిక, పెద్దదైన పిమ్మట ఆ వాసనను దలచుకొని వ్రాసినది. రెండవది పూర్వకాలమున ఇంగ్లండులో గనులయందును మిల్లులయందును పనిచేసిన బిడ్డలను గూర్చినది.

విన్నవారి తీరు మాకు వింతగా దోచినది. మొదటి పద్యము ముగియకమునుపే సభ కలకలలాడెను. ఒకామె తన అమ్మమ్మ మూకుటిలో మినపపిండి పోసి, మూతమీద నిప్పులు పరచి కాల్చిన దిబ్బరొట్టెను దలచుకొనెను. ఎర్రగా కాలిన అడుగుచెక్క కొరకు అన్నదమ్ములము కొట్లాడుకొంటిమని వేరొకరు చెప్పిరి. రొట్టెతో తేనెపాకము మేలా, ఆవకాయ మేలా యను వాదము కూడ కొంతసేపు నడచినది. రెండవ పద్యము చదువగా సభ నిశ్శబ్దమయ్యెను. ఒకరిద్దరు కండ్లు తుడుచుకొనిరి. "ఎంత ఘోరము! ఆ కాలము గడచిపోయినది, మన యదృష్టము" అని యొక వకీలుగారు నిట్టూర్చిరి. అంతటితో సరి. రొట్టెకు అరగంట పట్టినది. బిడ్డలకు ఐదు నిమిషములు చాలినవి.

చదువరులను నిందించుటకు మేమీ మాట యెత్తలేదు. మేమును ఆ గుంపులోనివారమే. తేనెపాకము పక్షమున వాదించినవారిలో మేము కూడ నుంటిమి. తన యింటిని జ్ఞప్తికి దెచ్చు పద్యమునకు నోరు విప్పుటయు, పరుల దుఃఖమునకు మౌనము వహించుటయు మనుష్య స్వభావము. మా సందేహము వేరు. ఆ రెండు పద్యములును నిజముగా రెండు విషయములను గూర్చినవేనా?

ఇంగ్లండున రొట్టె కాల్చు పొయ్యికి పొగగొట్టము కలదు. మన పాత వంటిండ్లలో పొగ పెంకుల సందులనుండియో గవాక్షమునుండియో తనదారిన తాను పోయెడిది. ఆ దేశమున చలి మిక్కుటము, వంటచెరకు బొగ్గు. పొగ పోవుటకు గోడలలో ఇటుకలతో గొట్టములు కట్టిరి. అవి పెక్కింట తొమ్మిదంగుళములకు పదునాలుగంగుళముల వైశాల్యము కలవి. నిట్టనిలువుగా నుండక మలుపులు తిరిగి పైకి బోవును. లోపల పేరుకొన్న మసి గీకనిచో ఇల్లు అంటుకొనును. అంత యిరుకున బట్టినది బిడ్డ శరీరమొక్కటే. ఐదారేండ్ల బాలురు సయితము మోచేతులును మోకాళ్లును గోడల కదిమి ప్రాకుచు పైకెక్కి మసి గీకిరి. కొందరు మలుపులలో ఇరుకుకొని ఊపిరాడక చచ్చిరి.

ఈ బాలుర విషయమై విలియం బ్లేకు 1789లో నొక పద్యమును, 1794లో నింకొకటియు ప్రకటించెను. ఆ కవిని తన కాలమున చదివినవారు కొద్దిమంది. ఎనిమిదేండ్లకు లోబడిన బాలుని ఈ పనికి బెట్టరాదని 1788లోనే చట్టము వచ్చియుండెను. దానిని లక్ష్యపెట్టినవారు లేరు. 1803లో లండనునందు కొందరు ధర్మాత్ములు సంఘముగా గూడి, బాలుర యవసరము లేకుండ పొడుగుకఱ్ఱలకు గట్టిన కుంచెలతో గొట్టములు శుభ్రపరచు సాధనమును ప్రచారములోనికి దెచ్చిరి. ఇక్కడ మనము నిలిచి చూడవలెను. సాధనము దొరకినది. అది పనియు చేయుచున్నది. అయినను గృహస్థులు దానిని గోరలేదు. కుంచె మూలలకు బోదనియు, మసి రాలి గదులు పాడగుననియు, బాలుడైనచో చక్కగా గీకుననియు వారి తలంపు. బాలుర నీ పనినుండి తప్పించు బిల్లును 1819లో ప్రభువుల సభ త్రోసివేసెను. 1824లో జేమ్సు మాంట్‌గొమరీ యను కవి ఈ బాలుర పక్షమున వ్రాసిన గద్యపద్యములను గూర్చి ఒక సంపుటము వెలువరించెను. బ్లేకు పద్యమును చార్లెస్ లాంబు దాని కొరకు పంపెను. ఇరువదియొక్క యేండ్ల లోపువారు గొట్టమెక్కరాదని 1840లో చట్టమైనది. అదియు కాగితముమీదనే నిలిచినది. 1875లో కేంబ్రిడ్జి దాపున ఫుల్‌బర్న్ అను చోట ఆసుపత్రి గొట్టములోనికి దిగిన పదునొకండు పండ్రెండేండ్ల బాలుడొకడు మరణించెను. ఆ యేడు పుట్టిన చట్టమునకు గాని కోరలు రాలేదు. బ్లేకు మొదటి పద్యమునకును దీనికిని నడుమ ఎనుబదియారేండ్లు.

ఆ ఎనుబదియారేండ్లును ఇండ్లలో రొట్టెలు కాలుచునే యున్నవి. తల్లులు పిండి పిసికిరి, బిడ్డలు పీటలెక్కి చూచిరి, వాసన ఇల్లెల్ల నిండెను. ఆ వాసన నిజము, ఆ తల్లి ప్రేమ నిజము. ఆ నిప్పు సరిగా మండుటకు ఎవరి బిడ్డయో మోకాళ్లు చెక్కుకొనుటయు నిజమే. ఒకే వంటింటిలో నిప్పు ముందర నిలిచి వ్రాసినచో మొదటి పద్యము, గొట్టములోనుండి వ్రాసినచో రెండవ పద్యము.

అందుచేత రొట్టె పద్యము బూటకమని మేమనము. అట్లనువారి వైరాగ్యము మాకు గిట్టదు. అమెరికాలో ఆమ్హర్స్ట్ గ్రామమున నివసించిన ఎమిలీ డికిన్సను తన యింటి రొట్టె తానే కాల్చెడిది. 1856లో ఆ యూరి పశుప్రదర్శనమున ఆమె రై, మొక్కజొన్న పిండ్ల రొట్టెకు రెండవ బహుమానము వచ్చినది. ఒక పద్యపు చిత్తుప్రతిని ఆమె కొబ్బరి కేకు చేయు విధము వ్రాసిన కాగితము వెనుకనే వ్రాసికొనెను. పిండి పనియు పద్యపు పనియు ఆ చేతులకు పరాయివి కావు. ఆ వంటింటనే 1869 నుండి మార్గరెట్ మాహర్ అను ఐర్లండు సేవకురాలు పాటుపడినది. కవయిత్రి పద్యముల కట్టలు ఆమె పెట్టెలోనే భద్రముగా నుండెను. ఆ పెట్టె లేనిచో మన చేతికి ఎన్ని పద్యములు వచ్చియుండెడివో! రొట్టె వెనుక ఎన్ని చేతులున్నవో అడుగుట పద్యమును చెరచుట కాదని చెప్పుటకే ఈ ప్రసంగము.

అంగడి రొట్టె సంగతి మరియొకటి. లండను రొట్టె భట్టీలలో రాత్రియెల్ల సాగు చాకిరిని గూర్చి 1862లో ట్రెమన్‌హీరు విచారణ చేసి నివేదింపగా, మరుసటి యేట చట్టమైనది. పదునెనిమిదేండ్ల లోపువారిచేత రాత్రి తొమ్మిది మొదలు తెల్లవారి ఐదు వరకు భట్టీలో పని చేయింపరాదనిరి. తెల్లవారుసరికి వేడి రొట్టె బల్లమీద నుండవలెనను కోరికకు ఎవరి నిద్రయో వెల.

మా వకీలుగారి "గడచిపోయినది" అను మాటను ఇప్పుడు విచారింతము. ఎలిజబెత్ బారెట్ ఈ బిడ్డల దుఃఖమును గూర్చి వ్రాసిన పద్యము 1843 ఆగష్టులో బ్లాక్‌వుడ్ పత్రికయందు వెలువడినది. అంతకు మునుపు ప్రభుత్వ విచారణ సంఘమువారు గనులను, మిల్లులను పరీక్షించి నివేదికలు వెలువరించియుండిరి. గనులలో గాలి తలుపుల కడ ఐదారేండ్ల బిడ్డలను గూర్చుండబెట్టుదురనియు, బొగ్గుబండి వచ్చినపుడు తలుపు తీసి మూయుట వారి పనియనియు, పండ్రెండు గంటలు చీకటిలో నుందురనియు అందు వ్రాసిరి. యార్కుషైరు గనిలోని ఎనిమిదేండ్ల బాలిక యొకతె, వెలుతురున్నపుడు పాడుకొందును గాని చీకటిలో పాడుటకు ధైర్యము చాలదని వారితో చెప్పినది. బారెట్ పద్యమును చదివిన నాటి పాఠకునకు అది గడచిన సంగతి కాదు. అతని కాళ్ల కడ మండుచున్న బొగ్గు అట్టి గనిలోనిదే. కన్నీరు తుడుచుకొని, చలిగా నున్నదని ఇంకొక బొగ్గు ముక్కను నిప్పులో వేయవలసినవాడతడు. ఆ పద్యము అతనిని ఒక ప్రశ్న యడుగుచున్నది. మనలను అడుగుట లేదు. కాలము ఆ ప్రశ్నను పెరికివైచి, దుఃఖమును మాత్రము మనకు మిగిల్చినది. చచ్చిపోయిన బిడ్డలు మనలనేమియు కోరరు. వారిపై జాలికి ఖర్చు లేదు.

ఖర్చు గల జాలి యెట్లుండునో విలియం కౌపరు ఎరుగును. నీగ్రో బానిసలను తలచి మనసు కరిగినను, చక్కెర లేక బ్రదుకుటెట్లని నోరు మూసికొను పెద్దమనిషి నోటనే అతడు 1788లో నొక వెక్కిరింపు పద్యము పలికించెను. రెండు శతాబ్దములు గడచినను ఆ పెద్దమనిషి మాకు పరిచితుడువలెనే తోచుచున్నాడు.

ఇక ఆనాటి సభలో జరిగిన మరియొక మాట చెప్పవలెను. ఉపాధ్యాయుడైన తన కుమారునితో వచ్చి మూలను గూర్చున్న ఒక వృద్ధురాలు, దిబ్బరొట్టె ముచ్చట్లు సాగునంతసేపు నవ్వుచు వినుచుండెను. రెండవ పద్యమైన పిదప, మొదట మాటలాడిన యామెతో మెల్లగా ననెను: "మీ అమ్మమ్మగారింట్లో కాదులెండమ్మా, అలాంటిదే ఇంకో ఇంట్లో పిండి రుబ్బింది నేను. మా అమ్మ వాళ్ళింట్లో పాచిపని చేసేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు."

"మీకు రొట్టె పెట్టేవారా, మామ్మగారూ?" అని ఎవరో అడిగిరి.

"పెట్టేవారు. అబద్ధమెందుకు? చాలా బాగుండేది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు ఆ ఇల్లే గుర్తొస్తుంది."

"మరి బడికి?"

"వాళ్ళమ్మాయి వెళ్ళేది. నేను పొత్రం తిప్పుతూ చూసేదాన్ని."

ఆమె కంఠమున నిష్ఠురము లేదు. ఉన్నచో మాకు తేలికగా నుండెడిది. పాపము, అన్యాయము అని తల యూపి యూరకుందుము. ఆమెకును ఆ రొట్టె తీపి జ్ఞాపకమే యగుట మమ్ము తికమకపెట్టినది. తీపి జ్ఞాపకము న్యాయమునకు సాక్ష్యము కాదని ఆనాడు తెలిసినది.

బిడ్డలు పని చేయుటయే తప్పా యని కొందరడుగుదురు. అడుగవలసినదే. సాలెవాని బిడ్డ కండె చుట్టును, కుమ్మరి బిడ్డ మట్టి త్రొక్కును. చేతిపని లేని చదువు కుంటిదని గాంధీగారు తలచి, 1937లో వార్ధా విద్యాసభయందు చేతిపనిని బడికి నడిమిస్తంభముగా నిలుపజూచిరి. పీట యెక్కిన బాలికయు తల్లికి సాయము చేసినదే. మరి ఆమెకును పొత్రము త్రిప్పిన బాలికకును భేదమేమి? చేతుల కదలికలో భేదము లేదు. ఇద్దరును పిండిలో చేయి పెట్టినవారే, ఇద్దరును రొట్టె తిన్నవారే. పీట యెక్కినది విసుగు పుట్టినచో దిగిపోవచ్చును. ఆమె దిగిపోయినను రొట్టె కాలును, ఆమె ముక్క ఆమెకుండును. పొత్రము త్రిప్పునది దిగిపోరాదు. దిగిపోయినచో తల్లి పని పోవును. ఈ దిగిపోవుటకు వీలున్నదా లేదా యనునదే మాకు దోచిన గీటురాయి. గని తలుపు కడనున్న బాలిక చేయు పనియు బరువైనది కాదు. త్రాడు లాగుట, వదలుట. కాని ఆమె లేచి వెలుతురులోనికి పోరాదు.

మన దేశపు చట్టమును ఈ గీటురాయిపైనే తడబడుచున్నది. పదునాలుగేండ్ల లోపు బిడ్డను ఏ పనియందును నియమింపరాదని 2016లో శాసించిరి, అది మేలు. కాని బడి వేళలు దాటిన పిదపను, సెలవులలోను, అపాయము లేని కుటుంబపు వ్యాపారమున సాయపడవచ్చుననిరి. కుటుంబమనగా తల్లిదండ్రులు, తోబుట్టువులే గాక మేనమామయు, పినతండ్రియు, మేనత్తయు, పినతల్లియు చేరుదురు. పీట యెక్కిన బాలిక కొరకు తెరచిన యీ తలుపున పొత్రము త్రిప్పు బాలికయు పట్టును. బయట నిలిచి చూచువారికి ఎవరు ఎవరో తెలియదు.

ఆనాటి గోష్ఠి ముగియుచుండగా వీధి చివరి దుకాణమునుండి టీ తెప్పించిరి. తెచ్చినవాడొక బాలుడు. ఇనుప తీగల బుట్టలో గ్లాసులు దెచ్చి, ఒక్క చుక్క యొలుకకుండ అందరికి నందించెను. వృద్ధురాలి కుమారుడు "నీ వయసెంత బాబూ?" అని యడుగగా "పద్నాలుగు నిండాయండి" అని తడుముకొనక బదులిచ్చెను. చూచుటకు పదునొకండేండ్లవానివలె నుండెను. అతడు వెడలిపోయిన పిదప కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఇకమీదట ఆ దుకాణపు టీ మానుదమని ఒకరనిరి. మానినచో వానికి కలుగు మేలేమని వేరొకరనిరి. ఆ వాదము జరుగునంతలో టీ చల్లారుచుండుట చూచి అందరమును త్రాగితిమి.

ఆ ఉపాధ్యాయుడు మరునాడు దుకాణమునకు బోయి విచారించెను. బాలుడు తన మేనల్లుడనియు, బడి విడిచిన పిదప మాత్రమే వచ్చుననియు దుకాణదారుడు మర్యాదగా చెప్పి, టీ ఇప్పించి, డబ్బు పుచ్చుకొనలేదట. అప్పుడు ఉదయము పదునొకండు గంటలు. ఆదివారము కాదు. బాలుడు దుకాణము వెనుక తొట్టి కడ గూర్చుండి గ్లాసులు కడుగుచుండెను.