ఇంటి మూలనున్న కుండ

ధ్యానమునకు: ఆదికాండము 9:20-23, యిర్మీయా 35, రోమా 14:13-21



డుంబ్రిగుడ చుట్టుపట్ల సంఘములను దర్శించుచు తిరుగునప్పుడు మాకు ఒకే ప్రశ్న పలుమార్లు ఎదురైనది. "అయ్యగారూ, మేము అంగడిలో సీసాలు కొనము. దుకాణం గడప తొక్కము. ఇంట్లో మా చేతులతో చేసుకున్నది కాస్త పుచ్చుకుంటే అదీ పాపమేనా?" ఇది అడిగినవారు త్రాగుబోతులు కారు. ఆదివారము తప్పక వచ్చువారు, కానుక వేయువారు, కొందరు సంఘ పెద్దలు కూడ. కనుక దీనికి "అవును" అనియో "కాదు" అనియో ఒక్క మాటతో చెప్పి మా దారిని మేము పోవుట న్యాయము కాదని తోచినది.

మొదట నోవహు సంగతి చూతము. ఆయన కూడ అంగడిలో కొనలేదు. తానే ద్రాక్షతోట వేసెను, తానే పండ్లు పిండెను, తన గుడారములోనే త్రాగెను. లేఖనములో మనము చదువు మొట్టమొదటి మత్తు దుకాణములో కలిగినది కాదు, ఇంటిలో కలిగినది. జలప్రళయమునకు చలింపనివాడు తన సొంత పంటకు ఓడిపోయెను. ఆ సిగ్గును ఎవరు మోసిరి? బట్ట భుజముల మీద వేసికొని వెనుకకు నడిచిన కుమారులు మోసిరి. ఇంటిలో చేసికొన్నది ఇంటివారికే తగులును. ఈ మాట చిన్నపిల్లలున్న ప్రతి గృహస్థుడు ఆలోచింపవలెను.

అయితే మన కొండలలో పులియబెట్టుట అను పనిని పట్టణమునుండి వచ్చిన బోధకుడు చూచినట్లు మేము చూడము. జీలుగు చెట్టు మనకు దేవుడిచ్చిన చెట్టు. అది పూతకు వచ్చుటకు పది పదిహేనేండ్లు పట్టును. పై గెల మొదలుకొని క్రిందికి ఒక్కొక్క గెల వేసి, చివరి గెలతో చెట్టు చచ్చిపోవును. కరవు కాలమున దాని మొద్దులోని పిండిని తిని బ్రదికిన కుటుంబములు కలవు. గెల కోసి కుండ కట్టినచో తెల్లవారు వేళ దిగునది పసిపిల్లలు కూడ త్రాగదగిన తీపినీరు. ఎండ ఎక్కినకొలది అది నురుగు కట్టును, సాయంకాలమునకు కల్లగును. చోడిపిండితోను బియ్యముతోను పులియబెట్టునది వేరొకటి. సరిహద్దుకు ఆవల కొరాపుట్ కొండలలో దానిని లందా అందురు. ఇక ఇప్పపూవు ఫాల్గుణ చైత్రములలో తెల్లవారుజామున రాలును. స్త్రీలు బుట్టలతో ఏరి, ఎండబెట్టి, నానబెట్టి పులియనిచ్చి, బట్టీ పెట్టి సారా దించుదురు.

పులియుట తనంతట తాను పాపము కాదు. తీపిని కంటికి కనబడని సూక్ష్మజీవులు తిని దానిని మద్యముగా మార్చుచున్నవని పాశ్చరు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్దమున రుజువు చేసెను. ఆ జీవులను చేసినవాడును మన దేవుడే. రొట్టె పిండి పొంగుటయు అట్టి క్రియయే, ప్రభువు దానిని తన రాజ్యమునకు పోలికగా చెప్పెను. కానాలో ఆయన నీటిని ద్రాక్షారసము చేసిన సంగతిని దాచిపెట్టి మేము బోధింపజాలము.

కాని ఇక్కడనే మనవారు ఒక పొరపాటు చేయుచున్నారు. పౌలు తిమోతికి కడుపు జబ్బు నిమిత్తము కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసెను. మనవారు "కొంచెము" అను మాటను విడిచి, కడుపు జబ్బును విడిచి, తిమోతిని మాత్రము గట్టిగా పట్టుకొనిరి! బైబిలు కాలమున సారా బట్టీ లేదు. ఆనాటి ద్రాక్షారసము పులిసినదే గాని కాచి దించినది కాదు. నీళ్లు కలిపి త్రాగుట అప్పటి వాడుక. పులిసిన దానిలో మద్యము ఒక హద్దు దాటి పెరగదు, ఎక్కువైనచో ఆ సూక్ష్మజీవులే చచ్చును. మద్యము నీటికంటె ముందుగా, 78 డిగ్రీల వేడికే మరిగి ఆవిరియగును గనుక, బట్టీ ఆ హద్దును పగులగొట్టినది. తిమోతి పాత్రను చూపి ఇప్పసారా గ్లాసును సమర్థించుట చెల్లదు. పైగా పులుపు త్వరగా ఎక్కవలెనని నవసారమును, యూరియాను కూడ కుండలో వేయువారున్నారు. పొలములో చల్లవలసినదానిని అతిథికి పోయుచున్నాము. హబక్కూకు 2:15 చదువుడి. పొరుగువానికి త్రాగనిచ్చువానిని గూర్చి ప్రవక్త ఏమనెనో మీరే చూచుకొనుడి.

కొందరు ఇట్లందురు: "ఇది మా హక్కు, మా తాతల ఆచారము." దీనిని మేము తేలికగా త్రోసివేయము. 1879లో రంప కొండలలో జరిగిన తిరుగుబాటుకు కల్లే ఒక ముఖ్య కారణము. కొండవారు తమ ఇంటికొరకు కల్లు గీచుకొనరాదని దొరల ప్రభుత్వము కట్టడి చేసి, గీత హక్కును గుత్తదారులకు అప్పగించెను. దానిమీద చిగురుపన్ను అను భారము కూడ పడెను. తన చెట్టు క్రింద తానే దొంగయైన మనుష్యుడు కోపించుటలో ఆశ్చర్యమేమి? స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1975లో కేంద్ర ప్రభుత్వము గిరిజన ప్రాంతములలో మద్యపు వ్యాపారమును మాన్పవలెననియు, ఇంటి వాడుకకు ఆచారపు పానీయములు చేసికొననీయవచ్చుననియు రాష్ట్రములకు సూచించెను. 1996 పెసా చట్టము మత్తు పదార్థముల అమ్మకమును, వాడుకను నిషేధించుటకో అదుపు చేయుటకో గ్రామసభకు అధికారమిచ్చుచున్నది. కాబట్టి హక్కు ఉన్నమాట నిజమే. అయితే అదే కొండలలో, 1922 పితూరీకి ముందు, అల్లూరి సీతారామరాజు కొండవారిని త్రాగుడు మానుడని బతిమాలెను గదా. వారి హక్కు కొరకు పోరాడినవాడే ఆ మాట చెప్పెను.

యిర్మీయా 35లో రేకాబీయులను చూడుడి. దేవాలయపు గదిలో ప్రవక్తయే పాత్రలు నింపి వారి యెదుట పెట్టెను. త్రాగము అనిరి. ద్రాక్షారసము చెడ్డదని వాదింపలేదు, త్రాగువారిని తిట్టలేదు. మా తండ్రి యెహోనాదాబు వద్దనెను, మేము విన్నాము, అంతే. ఇతరులను నిందింపక తాము విడిచిన వారి ఆ నెమ్మదితనము మాకు చాల ఇష్టము. మన సంఘములలో త్రాగుడు మానినవారు కొందరు మానినదినము మొదలు పొరుగువారిపై న్యాయాధిపతులగుచున్నారు. అది వేరొక మత్తు.

ఇప్పుడు మా మనస్సున బరువుగానున్న సంగతి చెప్పెదము. క్రిందటి పర్యటనలో ఒక విధవరాలి ఇంటికి ప్రార్థనకు వెళ్లితిమి. మూలన గోనె కప్పిన కుండ ఉన్నది. వాసన దాగునది కాదు. ఆమె ఇప్పసారా సంతలో అమ్ముచున్నదని ముందే మాతో చెప్పియుండిరి. చెప్పినవారిలో ఆమెవద్ద కొనువాడు ఒకడున్నాడని తరువాత తెలిసినది. మేము రోమా 14 తీసి, సహోదరునికి అడ్డముగానున్నదానిని విడుచుటను గూర్చి చెప్పితిమి. ఆమె తల వంచుకొని వినినది. పిదప ఇట్లనినది:

"అయ్యగారూ, మీరు పగలగొట్టమంటే ఇప్పుడే పగలగొడతాను. మా కుర్రోడు పాడేరులో చదువుతున్నాడు. బస్సుకి, పుస్తకాలకి ఈ కుండే ఇస్తున్నది. రేపటినుంచి ఎవరిస్తారో ఆ మాట కూడా చెప్పి వెళ్లండి."

మావద్ద జవాబు లేదు. ప్రార్థన చేసి లేచితిమి గాని ఆ ప్రార్థన మా నోట సరిగా రాలేదు. ఆకలిగొన్నవానికి, చలిగానున్నవానికి ఉట్టిమాట చెప్పి పంపువారిని గూర్చి యాకోబు వ్రాసిన రెండవ అధ్యాయము దారి పొడుగునా మమ్మును వెంబడించినది. కుండను పగులగొట్టమనుట సులభము. ఆ కుండ పోషించుచున్న నోటిని ఎవరు పోషించుదురో అడుగకుండ చెప్పు బోధ సగము బోధ.

పెద్దల కూటమిలో ఈ సంగతి పెట్టితిమి. చాలసేపు వాదము జరిగినది, కొందరు లేచిపోయిరి కూడ. తుదకు కోతకాలపు కానుకనుండి ఆ కుర్రవాని ఈ యేటి పుస్తకములకు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఒక పెద్ద మరియొక ఆలోచన చెప్పెను. సింహళములో ఇదే జీలుగు చెట్టు తీపినీటిని కాచి పాకమును, బెల్లమును చేసి అమ్ముదురు. కుండ లోపల సున్నము పూసి, దించిన ఉదయమే పొయ్యిమీద పెట్టినచో అది పులియదు. ఆమె తన రెండు చెట్ల నీటితో మొదటిసారి కాచినది, అడుగంటిపోయినది. రెండవసారి బెల్లము గట్టిపడలేదు గాని, పాకము చోడిరొట్టెతో తినుటకు బాగుండెను, మేము తింటిమి.

చివరగా, రాబోవు సంస్కారపు ఆదివారమును గూర్చి ఒక మాట. 1869లో అమెరికాలో వెల్చి అను మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసమును వేడిచేసి పులియకుండ నిలువచేసి సంస్కారపు బల్లకు తెచ్చెను. మనము ఎండుద్రాక్షతో అట్లే చేయుచున్నాము. అయితే కడపటిసారి రసము బుధవారమే చేసి మూత పెట్టి ఉంచినందున ఆదివారమునకు నురుగు వచ్చినది. మానుకొన్న ఒక సహోదరుడు పాత్ర ముట్టుకొని వాసన చూచి క్రిందపెట్టి కన్నీళ్లతో బయటికి వెళ్లెను. అట్లు మరల జరుగకూడదు. ఎండుద్రాక్షను కడిగి శుక్రవారము రాత్రి నానబెట్టి, శనివారము సాయంకాలము బాగుగా మరిగించి, వడగట్టి, శుభ్రమైన సీసాలో వేడిగానుండగానే పోసి మూయవలెను. ఏ పానీయము ఎంతసేపటికి పులియునో మనలో అందరికంటె బాగుగా ఎరిగినది ఆ విధవరాలే గనుక, ఈసారి ఆ పని ఆమెకు అప్పగించితిమి. ఎండుద్రాక్ష ఇవ్వగోరువారు శుక్రవారము చీకటి పడకముందే ఆమె ఇంట ఇయ్యవలెను.